తాళాల మేస్త్రి గారి అప్పుల చరిత్ర

మనిషిని నమ్మడానికి బ్యాంకు వాళ్ళ దగ్గర రెండు తూకాలున్నాయి. జనం ఇళ్ళ తలుపులు ఎవడి చేత తెరిపించాలో తేల్చడానికి ఒకటి, అప్పు ఎవడికివ్వాలో తేల్చడానికి ఇంకొకటి. మొదటి తూకంలో తాళాల మేస్త్రి నిఖార్సైన మనిషి. రెండో తూకంలో పెట్టేసరికి ఎందుకూ కొరగాని వాడైపోయాడు. ఆ రెండు తూకాలూ ఒకే బల్ల మీద, ఒకే మనిషి ముందున్నాయి. ఆ మనిషికి ఇందులో వింతేమీ కనపడలేదు.

మేస్త్రి ఉండేది అద్దె ఇంట్లో. వీధిలోకి తలుపున్న ముందుగది కొట్టు, వెనక రెండు గదులు, వంటకి ఒక మూల. పంతొమ్మిదేళ్ళుగా అదే ఇల్లు. కొట్టు గోడ నిండా మేకులు, మేకులకి గుత్తులు గుత్తులుగా ఇంకా పళ్ళు కోయని తాళంచెవులు. కిటికీ కింద బల్ల, బల్ల మీద పెద్దదాని పక్కన చిన్నది వరసగా ఆకురాళ్ళు. మిషను మీద కోసిన చెవి మీద ఆయనకి గురి లేదు. ఆకురాయి పట్టుకుని, ఒక కన్ను మూసి, గాలి ఊదుకుంటూ చేత్తోనే అరగదీస్తాడు. ఆ ఇత్తడి రజను పంతొమ్మిదేళ్ళపాటు రాలి రాలి నేల పగుళ్ళలో దిగిపోయింది. పొద్దున్న ఎండ పడితే నేలంతా సన్నగా మెరుస్తుంది. ఆయన భార్య ఆసుపత్రి వాళ్ళ దుప్పట్లు ఇస్త్రీ చేసే చోట పనిచేస్తుంది, రోజుకి నూట నలభై దుప్పట్లు. అక్కడ అంత చాకిరీ చేసి ఇంటికొచ్చి ఈ రజను ఊడవడానికి ఎన్ని చీపుళ్ళు అరగదీసిందో లెక్కలేదు. ఆఖరికి, "పోనీలెండి, ఇంటికి బంగారు పూత పెట్టించుకున్నాం అనుకుంటా," అని చీపురు మూల పడేసింది.

బ్యాంకు పని ఆయనకి ఎలా వచ్చిందంటే, అప్పు కట్టనివాళ్ళ ఇల్లు స్వాధీనం చేసుకోవడానికి బ్యాంకు వాళ్ళు కాగితాలు పట్టుకుని, ఇద్దరు సాక్షుల్నీ ఒక పోలీసునీ వెంటేసుకుని దండయాత్రకి వచ్చినట్టు వస్తారు. అంతమంది వచ్చినా తాళం మాత్రం ఎవరికీ తీయడం రాదు. అందుకు మేస్త్రి కావాలి. ఆయన తలుపు గీరుకుపోకుండా, గడియ వంగకుండా తీసి, కొత్త తాళం బిగించి, చెవులన్నీ లెక్కపెట్టి అప్పజెప్తాడు.

ఆయనకి ఒక అలవాటుంది. ఎంత ఖాళీ ఇల్లని చెప్పినా సరే, తాళం మీద చెయ్యి వేసే ముందు తలుపు మూడుసార్లు తడతాడు. తట్టి, ఇరవై అంకెలు లెక్కపెడతాడు. బ్యాంకు వాళ్ళు గడియారాలు చూసుకుంటారు, చూసుకోనీ. మొదట్లో ఒకసారి ఖాళీ ఇల్లేనని అందరూ ఢంకా బజాయించి చెప్తే నమ్మి, తట్టకుండా తీశాడు. లోపల గది మధ్యలో కుర్చీ వేసుకుని ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని. "తడితే నేనే తీసేవాణ్ణి కదా నాయనా," అన్నాడు. ఆ మాట మేస్త్రికి ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

పనికి ఆరువందలు. పని అయిన సాయంత్రమే బిల్లు రాసి బ్యాంకులో ఇచ్చి వచ్చేవాడు. డబ్బు మాత్రం వాళ్ళకి బుద్ధి పుట్టినప్పుడు వచ్చేది, లేకపోతే లేదు. అడిగితే "ప్రాసెస్‌లో ఉంది" అనేవారు. ఆ ప్రాసెస్ అనేది ఏ గదిలో ఉంటుందో, దాని తాళం ఎవరి దగ్గరుంటుందో మేస్త్రికి ఏనాడూ అంతుపట్టలేదు.

ఇక ఆయన మీద పడ్డ మచ్చ సంగతి. పక్క వీధిలో ఒకడు మిషను పెట్టి నిమిషంలో తాళంచెవి కోసి ఇస్తుంటే, గిరాకీ పోతుందన్న భయంతో మేస్త్రి తన గురిని పక్కనబెట్టి ఒక మిషను కొన్నాడు. లక్షా పదివేలు. చేతిలో అంత లేదు. మిషన్లమ్మే షాపువాడే దగ్గరుండి ఒక ఫైనాన్సు కంపెనీలో అప్పు ఇప్పించాడు, మేస్త్రి చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. ఆ మిషను కోసిన చెవులు వెంట్రుకవాసి తేడాగా వచ్చేవి. నెల తిరక్కుండా పదహారుమంది చెవులు పట్టుకుని వెనక్కొచ్చారు. పదహారుమందికీ డబ్బు వెనక్కిచ్చి, ఒక్కొక్కరికీ చేత్తో కొత్తది చేసిచ్చాడు. తర్వాత మిషను బండిలో వేసుకుని వెళ్ళి షాపులో దించాడు. షాపువాడు తీసుకుని, "మిషను ముట్టింది" అని చీటీ రాసి ముద్ర కూడా కొట్టి ఇచ్చాడు.

చూడండి, మేస్త్రి తెలివి అక్కడే బోల్తా పడింది. ఆయన లెక్కలో తాళం పనిచేయకపోతే తాళం వెనక్కి, డబ్బు వెనక్కి, వ్యవహారం సరి. పాతికేళ్ళుగా ఆయన అలాగే చేస్తున్నాడు కాబట్టి లోకం కూడా అలాగే చేస్తుందనుకున్నాడు. మిషను వెనక్కి పోయింది కాబట్టి అప్పూ దాని వెనకే పోయిందనుకున్నాడు. ఫైనాన్సు కంపెనీ నుంచి కవర్లొస్తే షాపువాడి దగ్గరికి పట్టుకెళ్ళేవాడు, వాడు "నేను చూసుకుంటాలే మేస్త్రీ" అనేవాడు. వాడు చూసుకున్నది తన జేబు. కొన్నాళ్ళకి షాపు మూసేసి చక్కా పోయాడు. మేస్త్రి ఆ తర్వాత వచ్చిన కవర్లు విప్పడం మానేసి బల్ల సొరుగులో పడేశాడు. పద్నాలుగో నెలలో ఇద్దరు వసూలు మనుషులు వచ్చి కొట్టు ముందు నిలబడి వీధి వీధంతా వినేలా మాట్లాడారు.

భార్య ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఇంటి కోసమని దాచిన దాంట్లోంచి లక్షా నలభై వేలు తీసి బల్ల మీద పెట్టింది. లేని మిషనుకి, వడ్డీతో, జరిమానాతో సహా మొత్తం కట్టేశారు. కంపెనీ వాళ్ళు "బాకీ లేదు" అని ఒక కాగితం ఇచ్చారు. మేస్త్రి దానికి అద్దం బిగించి, ఫ్రేము కట్టించి, కొట్టులో గడియారం కింద మేకుకి తగిలించాడు. అమాయకత్వానికైనా ఒక హద్దుండాలి.

మూడేళ్ళు గడిచాయి. ఇంటి యజమానురాలు పెద్దావిడ. మోకాళ్ళు పనిచేయక, చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోదామని ఇల్లు అమ్మకానికి పెట్టింది. ముందు మేస్త్రినే పిలిచింది.

"ఇరవై రెండు లక్షలు మేస్త్రీ. బయటివాళ్ళు ఇంకా ఇస్తామంటున్నారు. నాకైతే నీకే ఇవ్వాలనుంది. రెండు నెలలు ఆగుతాను. ఆపైన నావల్ల కాదు."

"ఆగండమ్మా. తెస్తాను," అన్నాడు మేస్త్రి.

దగ్గరున్నది ఆరు లక్షలు. ఇంకా పదహారు కావాలి. ఆ ఇల్లు పోతే పోయేది ఇల్లొక్కటే కాదు, కొట్టు కూడా. తాళాల వాడు చోటు మారితే గిరాకీ వెంట రాదు. తాళంచెవి పోయినవాడు పరిగెత్తుకుంటూ వచ్చేది తనకి తెలిసిన గుమ్మానికే. నెలనెలా కట్టే అద్దెకి ఇంకొంచెం కలిపితే వాయిదా సరిపోతుందని భార్య ఇస్త్రీ బల్ల దగ్గరే లెక్క వేసేసింది. మేస్త్రి గోడ మీది ఫ్రేము దించి, తుడిచి, సంచిలో పెట్టుకుని, భార్యని తీసుకుని బ్యాంకుకి వెళ్ళాడు. తాను తలుపులు తీసి పెట్టే బ్యాంకే కదా, ముఖం తెలిసినవాళ్ళు కదా అనే ధైర్యం.

అక్కడ అప్పుల వ్యవహారం చూసేది ఒక కుర్రాడు. లోన్ల బాబు అనేవారు అందరూ. దువ్విన తల దువ్వినట్టే ఉంటుంది. మాట పూర్తయినప్పుడల్లా పెన్ను టక్కుమని నొక్కుతాడు, అక్కడికి తీర్పు అయిపోయినట్టు. మేస్త్రి తీసిన తలుపుల్లోంచి నాలుగిళ్ళలోకి మొదట అడుగుపెట్టింది ఇతనే.

"మేస్త్రి గారూ, మీ మీద మచ్చ ఉంది," అన్నాడు.

"ఎక్కడ సార్?"

స్క్రీను తిప్పి చూపించాడు. "పద్నాలుగు నెలలు కట్టలేదు. తర్వాత కట్టారు, అయినా ఆ మచ్చ ఏడేళ్ళు ఉంటుంది. ఇప్పటికి మూడేళ్ళే అయ్యాయి."

మేస్త్రి ఫ్రేము తీసి బల్ల మీద పెట్టాడు. "బాకీ లేదని వాళ్ళే రాసిచ్చారు కదా."

"బాకీ లేదనే రాశారు. ఆలస్యం చేయలేదని రాయలేదు."

"ఆ మిషనే నా దగ్గర లేదు సార్. వెనక్కిచ్చేశాను. చీటీ కూడా ఉంది."

"ఆ సంగతి కంప్యూటరుకి తెలీదు."

"మీకు తెలిసింది కదా ఇప్పుడు."

లోన్ల బాబు నవ్వాడు. "నాకు తెలిస్తే ఏం లాభం మేస్త్రి గారూ."

అతను ఆ ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ చెప్పిన ఒకే ఒక్క నిజం బహుశా అదే. మేస్త్రికి ఒళ్ళు మండింది. "అయితే ఒక్క సంగతి చెప్పండి. మీరు నాకు పదకొండు పనుల డబ్బులివ్వాలి. మొదటి బిల్లిచ్చి పదిహేడు నెలలైంది. ఆ మచ్చ ఎవరి మీద పడుతుంది?"

"అది ఆలస్యం కాదండీ. ప్రాసెస్." పెన్ను టక్కుమంది. "పోనీ మేడమ్ గారి పేరు మీద చూద్దాం."

చూశాడు. ఆవిడ పేరు మీద ఏమీ లేదు. ఒక్క అక్షరం లేదు. అది వినగానే మేస్త్రి ముఖం విప్పారింది గానీ, లోన్ల బాబు పెదవి విరిచాడు.

"చరిత్ర లేదండీ. ఎప్పుడూ అప్పు చేయని వాళ్ళు తీరుస్తారో లేదో మాకెలా తెలుస్తుంది?"

"అప్పు చేసి ఆలస్యంగా తీర్చిన ఈయన పనికిరాడు, అసలు చేయని నేనూ పనికిరాను," అంది భార్య. "మరి మీకు పనికొచ్చేది ఎవరు నాయనా?"

"చేస్తూ, తీరుస్తూ, మళ్ళీ చేస్తూ ఉండేవాళ్ళండీ," అన్నాడు అతను, వెటకారం అనేది ఒకటుంటుందని తెలియని ముఖంతో. "ఏదైనా చిన్న వస్తువు వాయిదాల మీద కొనండి. కొన్నేళ్ళకి చరిత్ర వస్తుంది."

తర్వాత ఇంకో రెండు బ్యాంకులు తిరిగారు. కుర్చీలు మారాయి, మాట మారలేదు. ఇది ఎలా పసిగట్టాడో ఏమో, అప్పుల స్కోరు బాగుచేసే వైద్యుణ్ణని చెప్పుకునే ఒకడు కొట్టుకి వచ్చాడు. పన్నెండు వేలిస్తే మచ్చ నెలలో మాయమట. భార్య వాణ్ణి కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, "ముందు మచ్చ తీసి చూపించు, ఆ రోజే పదమూడు వేలిస్తా," అంది. నీళ్ళు తాగి లేచిపోయినవాడు మళ్ళీ ఆ వీధిలో కనపడలేదు.

రెండు నెలలు అయిపోయాయి. పెద్దావిడ ఇంకో పది రోజులు కూడా ఆగింది. ఆ పైన కళ్ళు తుడుచుకుంటూ వేరేవాళ్ళకి అమ్మేసింది. కొన్నాయన నిప్పులాంటి మనిషని బ్యాంకు వాళ్ళే చెప్పారట. ఆయన ధగధగలాడే చరిత్ర చూసి అదే బ్యాంకు, అదే లోన్ల బాబు, మూడు రోజుల్లో అప్పిచ్చారు. ఆయనకి నాలుగు కార్డులున్నాయి. ఒక కార్డు బాకీ ఇంకో కార్డుతో తీరుస్తాడు, దేనికీ ఒక్క రోజు ఆలస్యం చేయడు. చేస్తూ, తీరుస్తూ, మళ్ళీ చేస్తూ ఉండే రకం. మేస్త్రి భార్య ఆయనకి మచ్చలేని చంద్రుడని పేరు పెట్టింది.

ఇల్లు ఖాళీ చేసే రోజున ఆవిడకి ముందుగది తలుపు తాళం మీద కన్ను పడింది. అది మేస్త్రి సొంతంగా, రెండు నెలలు కూర్చుని చేసిన ఏడు లివర్ల తాళం. బజారులో దొరికే సరుకు కాదు.

"అది విప్పి పట్టుకురండి. చంద్రుడికెందుకు మన తాళం?"

"తలుపుకి బిగించింది తలుపుదే. విప్పితే చెక్క పాడవుతుంది," అన్నాడు మేస్త్రి. తాళంచెవులు మూడు ఉంటే మూడూ పెద్దావిడ చేతిలో పెట్టాడు. ఆవిడ వాటిని చంద్రుడికి ఇచ్చింది.

ఆ సాయంత్రం నుంచి బ్యాంకు పని కూడా మానేశాడు. పదకొండు బిల్లుల నకళ్ళు మాత్రం నోటు పుస్తకంలో దాచాడు. కొత్త చోటు నాలుగు వీధుల అవతల, మెట్ల కింద ఇరుకు సందు. గిరాకీ సగానికి పడిపోయింది. ఉండే గది వేరే చోట, దాని అద్దె వేరే. భార్య దుప్పట్లు నూట నలభై నుంచి నూట డెబ్బై అయ్యాయి. అంత ఇబ్బందిలోనూ ఆవిడ ఒక ఫ్రిజ్ వాయిదాల మీద కొంది. కొనడానికి సరిపడా డబ్బు డబ్బాలో ఉండగానే కొంది. నెలనెలా ఆ డబ్బాలోంచి తీసి, తారీఖుకి రెండు రోజుల ముందే కట్టి, పైన వడ్డీ కూడా సమర్పించుకుంది.

"అక్కర్లేని అప్పు చేస్తేనే మంచిదాన్నట. చేశాను. ఇప్పుడు నేను మంచిదాన్ని," అనేది ఫ్రిజ్ తలుపు వేస్తూ.

ఇంకో నాలుగేళ్ళు. ఒక మధ్యాహ్నం బ్యాంకు కారు వచ్చి మెట్ల దగ్గర ఆగింది. డ్రైవరు దిగి, మేనేజరు గారు వెంటనే రమ్మన్నారు, ఒక తలుపు రావడం లేదు అన్నాడు. ఏ తలుపు అని అడిగితే మేస్త్రి పాత వీధి పేరు చెప్పాడు. మేస్త్రి ఆకురాయి కింద పెట్టేశాడు. సామాన్ల సంచీ, నోటు పుస్తకం తీసుకుని కారెక్కాడు.

తన పాత గుమ్మం ముందు జనం. సాక్షులిద్దరు, ఒక పోలీసు, వేలంలో కొందామని ఇల్లు చూడ్డానికొచ్చిన ఇద్దరు. పక్క వీధి మిషనువాడు రెండు డ్రిల్లు బిట్లు విరగ్గొట్టుకుని, చెమటలు కక్కుతూ పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. మధ్యలో మేనేజరు. ఎవరనుకున్నారు, లోన్ల బాబే. ఇన్ని మచ్చలేని చంద్రుళ్ళకి అప్పులిచ్చినందుకు పెద్ద కుర్చీ ఇచ్చారు కాబోలు. చంద్రుడు ఉద్యోగం ఊడి, నాలుగు కార్డులూ ఒకదాన్నొకటి మింగేసి, మూడు నెలల క్రితం ఒక తెల్లవారుజామున తాళం వేసుకుని మాయమయ్యాడట.

"రండి మేస్త్రి గారూ. ఇది మీరు చేసిన తాళమేనట కదా. మీ దగ్గర ఇంకో చెవి ఉంటుందేమోనని..."

"మూడూ ఇచ్చేశాను సార్. ఇంకోటి దాచుకునేవాణ్ణయితే ఇన్నేళ్ళు నా చేత జనం ఇళ్ళు తెరిపించేవారా?"

"సరే, తీయండి. వీళ్ళంతా చూస్తున్నారు."

మేస్త్రి తీయలేదు. గుమ్మం మెట్టు మీద కూర్చుని నోటు పుస్తకం తెరిచాడు. "పాత బాకీ ఉన్నవాళ్ళకి కొత్త పని చేయడం లేదు సార్ నేను. పదకొండు బిల్లులు, ఆరువేల ఆరువందలు. మొదటిదానికి అయిదేళ్ళు దాటింది. ఇవాళ్టి పనికి వెయ్యి. మొత్తం ఏడువేల ఆరువందలు. ముందు ఇవ్వండి."

"పని కానివ్వండి, నేను దగ్గరుండి ఇప్పిస్తాను."

"చరిత్ర చూసుకోవాలి కదా సార్."

మేనేజరు ముఖం కందగడ్డలా అయింది. గొంతు తగ్గించాడు. "ఏం మేస్త్రి గారూ, ఇంత పెద్ద బ్యాంకు మీద మీకు నమ్మకం లేదా?"

"నమ్మకం లేకేం సార్," అన్నాడు మేస్త్రి మామూలుగానే. "రికార్డే బాలేదు."

పోలీసు అటు తిరిగి దగ్గాడు. సాక్షులు నేల చూపులు చూశారు. మేనేజరు పెన్ను జేబులోంచి తీసి, నొక్కకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. బ్యాంకుకి మనిషిని పరిగెత్తించాడు. అయిదేళ్ళ నుంచి ఏ గదిలో ఉందో తెలియని ఆ ప్రాసెస్ ఇరవై అయిదు నిమిషాల్లో పూర్తయి, కవర్లో డబ్బు వచ్చింది. మేస్త్రి లెక్కపెట్టి, రసీదు రాసిచ్చి, లేచాడు.

లేచి తలుపు మూడుసార్లు తట్టాడు.

"ఎవరూ లేరండీ లోపల. మూడు నెలలైంది," అన్నాడు మేనేజరు.

ఆయన ఇరవై దాకా లెక్కపెట్టాడు. అప్పుడు సంచిలోంచి సన్నని కడ్డీలు రెండు తీసి, కళ్ళు మూసుకుని, తాను చేసిన ఏడు లివర్లనీ ఒక్కొక్కటిగా వెతుక్కున్నాడు. తాళం చిన్నగా నిట్టూర్చినట్టు చప్పుడు చేసి తెరుచుకుంది. చెక్క మీద గీత పడలేదు.

తలుపు తోస్తే ఏదో అడ్డం పడింది. లోపల నేల మీద కవర్లు, తలుపు సందులోంచి పడ్డవి పడ్డట్టే కుప్పగా ఉన్నాయి. ఒక్కటీ విప్పలేదు. మేస్త్రికి తన బల్ల సొరుగు గుర్తొచ్చింది. నాలుగేళ్ళుగా ఆ చంద్రుడి మీద పెంచుకున్న కోపం ఆ కవర్లు చూడగానే ఎటు పోయిందో తెలియలేదు. ఎక్కడున్నాడో, ఎవరి గుమ్మం ముందు ఎవరితో మాటలు పడుతున్నాడో పాపం అనుకున్నాడు. వంగి, ఆ కవర్లన్నీ ఏరి, దొంతిగా పేర్చి గూట్లో పెట్టాడు.

వేలానికి చూడ్డానికొచ్చిన ఇద్దరూ ముందుగది నేల చూసి ఆగిపోయారు. పగుళ్ళ నిండా ఏదో పచ్చగా మెరుస్తోంది. "ఏదో రసాయనం పోసినట్టున్నారు. నేలంతా తవ్వించాలంటే లక్షన్నర అవుతుంది," అన్నాడు ఒకడు. రెండోవాడు తల ఊపాడు. మేస్త్రి నోరు మెదపలేదు. ఆయన్ని ఎవరూ అడగలేదు కదా.

ఆ రాత్రి భోజనాల దగ్గర ఇదంతా చెప్తే భార్య తినడం ఆపేసింది. "మచ్చ పడి ఎన్నేళ్ళయింది?" అంది. వేళ్ళ మీద లెక్కపెట్టారు. ఏడేళ్ళ మీద రెండు నెలలు.

మర్నాడే మేనేజరు ముందు కూర్చున్నారు. ఆవిడ ఫ్రిజ్ కాగితాలు కూడా తెచ్చింది. మేనేజరు స్క్రీను చూశాడు, మళ్ళీ చూశాడు. నిన్నటి అవమానం కంప్యూటరులో ఎక్కడా కనపడలేదు కాబట్టి ముఖం మామూలుగానే పెట్టాడు.

"మీ రికార్డు చాలా బాగుందండీ ఇద్దరిదీ."

"నాది బాగుపడ్డానికి నేనేం చేశాను సార్?" అన్నాడు మేస్త్రి.

"ఏమీ చేయలేదండీ. అందుకే."

వేలంలో వీళ్ళ మీద ఎవరూ పాడలేదు. ఇరవై అయిదు లక్షలకి ఇల్లు వీళ్ళదయింది. దాచినది తొమ్మిది, అప్పు పదహారు, పదిహేనేళ్ళ వాయిదాల మీద. అదే మనిషి, అదే ఇల్లు, అదే పదహారు లక్షలు. మధ్యలో గోడ మీద క్యాలెండర్లు నాలుగు మారాయి. ఆ మారిన క్యాలెండర్ల ఖరీదు మూడు లక్షలు. అంతేకాదు, నాలుగేళ్ళ ఇరుకు సందు, రోజూ ముప్పై దుప్పట్ల అదనపు చాకిరీ. అవి ఏ రికార్డులోనూ రాయరు.

కాగితాల మీద సంతకాలు చేసే రోజున, కొన్నవాళ్ళు కట్టాల్సిన ఇతర ఖర్చుల జాబితా ఒకటి ఇచ్చారు. భార్య అద్దాలు పెట్టుకుని ఒక్కో వరసా చదువుతూ ఒకచోట వేలు ఆపింది. "ఇదేంటి? తాళం తీయించిన ఖర్చు, ఏడువేల ఆరువందలు."

మేస్త్రి ఆ అంకె చూశాడు. పదకొండు పాత బిల్లులు, ఆ రోజు పని వెయ్యి. కూడి చూసుకోనక్కర్లేదు. మేనేజరు గుమ్మం ముందు ఇప్పించిన డబ్బంతా ఆ ఇంటి ఖర్చు కింద రాసేశాడు.

"అది రూలండీ," అన్నాడు మేనేజరు. "ఇంటి మీద అయిన ఖర్చు ఇల్లు కొన్నవాళ్ళదే."

"అంటే ఇన్నాళ్ళూ మీరు నాకు ఎగ్గొట్టిన బాకీ మీరు తీర్చలేదన్నమాట. నాకు నేనే తీర్చుకున్నాను."

మేనేజరు చేతిలో పెన్ను టక్కుమంది. భార్య చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆపుకోలేక, ఆ గదిలో అందరూ తిరిగి చూసేలా నవ్వింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ అంత నవ్వడం మేస్త్రి చూడలేదు. ఆ నవ్వులోనే సంతకం పెట్టాడు.

సాయంత్రం ఇద్దరూ సామాను బండి కంటే ముందే నడుచుకుంటూ ఇంటికొచ్చారు. మేస్త్రి తానే చేసిన తాళానికి తానే చేసిన కొత్త చెవి జేబులోంచి తీశాడు. తీసి, తాళంలో పెట్టకుండా తలుపు మూడుసార్లు తట్టి, నిలబడి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.

"ఇది మనిల్లండీ," అంది భార్య, చేతిలో చీపురు మార్చుకుంటూ. "ఎవరున్నారని తడుతున్నారు?"

"బ్యాంకుంది లోపల," అన్నాడు మేస్త్రి. "పదిహేనేళ్ళు ఉంటుంది. చెప్పకుండా వెళ్తే బావుండదు."